ఈ వారం ఎవరికి వేశారు?

2022 జూలై 21, గురువారం సాయంత్రం. ఆరు దాటింది. మెల్‌బోర్న్‌లో ఇది నడి చలికాలం, చీకటి పడి గంటయింది. డాక్‌లాండ్స్‌లో ఒక ఆఫీసు ప్యాంట్రీ. మీరు టీ కలుపుకుంటున్నారు. ఈపాటికి రైలెక్కి ఉండాల్సినవాళ్ళు నలుగురైదుగురు ఇంకా ఇక్కడే నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

"వచ్చేసింది" అంటాడు ఒకాయన.

వచ్చింది జట్ల జాబితా. ఈ వారాంతం ఎవరెవరు ఆడుతున్నారో, ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు బయటికి పోయారో క్లబ్బులు గురువారం సాయంత్రం ప్రకటిస్తాయి. ఆదివారం ఆడే జట్లు మాత్రం ఇప్పటికి కొంచెం పెద్ద జాబితా ఇచ్చి, మర్నాడు కుదిస్తాయి. తొడ కండరం పట్టేసినవాడొకడు, కోవిడ్ వచ్చి ఇంట్లో ఉన్నవాడొకడు, రెండు నెలల తర్వాత తిరిగొచ్చినవాడొకడు. ఒక్కో పేరు పైకి చదువుతుంటే ప్యాంట్రీలో కొందరు నిట్టూరుస్తారు, కొందరు తలూపుతారు. అందరి టిప్స్ మారిపోతున్నాయి.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగు ఏఎఫ్‌ఎల్. అందులో 18 జట్లు, అంటే మామూలు రౌండుకు తొమ్మిది ఆటలు. తొమ్మిదిలో ఎవరెవరు గెలుస్తారో ముందే రాసివ్వాలి. సరిగ్గా చెప్పిన ఆటకు ఒక పాయింటు. మార్చిలో మొదలుపెట్టి ఆగస్టు దాకా వారం వారం ఇదే పని. దీన్నే టిప్పింగ్ అంటారు. ఆఫీసుల్లో, ఆసుపత్రి వార్డుల్లో, బడుల్లో, పబ్బుల్లో ఇలాంటి పోటీలు నడుస్తుంటాయి. మన ఆఫీసులో నడిపేది అకౌంట్స్‌లో పనిచేసే పెద్దావిడ. సీజన్ మొదట్లో తలా కొంత డబ్బు వసూలు చేస్తుంది, చివర్లో గెలిచినవాళ్ళకు పంచుతుంది. గడువు శుక్రవారం రాత్రి మొదటి ఆట మొదలయ్యేదాకా. మర్చిపోయారంటే చాలా పోటీల్లో పరాయి ఊరి నుంచి ఆడ్డానికి వచ్చిన జట్లన్నీ మీ ఖాతాలో పడతాయి. అదీ శిక్ష.

ఇంకో గడి కూడా ఉంది. మొదటి ఆట ఎన్ని పాయింట్ల తేడాతో తేలుతుందో అందులో అంకె వేయాలి. ఇద్దరికి సమానంగా వచ్చినప్పుడు ఎవరు ముందో ఆ అంకే తేలుస్తుంది. చాలామంది ఆలోచించకుండా 18 అనో 24 అనో పడేస్తారు. రేపు రాత్రి ఆ గడి గురించే అందరూ మాట్లాడుకుంటారు.

మీరు జాబితా ముందేసుకుని కూర్చుంటారు. కొన్ని టిక్కులు వాటంతట అవే పడతాయి. వెస్ట్ కోస్ట్, సెయింట్ కిల్డా ఆట పెర్త్‌లో. వెస్ట్ కోస్ట్ ఈ ఏడాది గెలిచినవి రెండే. అకౌంట్స్ ఆవిడ చిన్నప్పటి నుంచీ సెయింట్ కిల్డా మనిషి. ఆ క్లబ్బు ఇన్నేళ్ళ చరిత్రలో ఒకే ఒక్కసారి, 1966లో, ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయింది. ఆవిడ గెలిచే వారమైనా ఓడే వారమైనా తన జట్టుకే వేస్తుంది, దానివల్ల ఏటా కొన్ని పాయింట్లు పోతాయని తెలిసి కూడా. ఈ వారం మాత్రం మనసూ లెక్కా ఒకే గడిలో పడ్డాయి. నార్త్ మెల్‌బోర్న్‌కు కూడా ఇప్పటిదాకా రెండే విజయాలు, కాబట్టి హాథార్న్‌కు వేస్తారు. సిడ్నీకి వేస్తారు. జీలాంగ్ రెండు నెలలుగా ఓడిందే లేదు, అడిలైడ్ వెళ్ళి పోర్ట్ అడిలైడ్ జట్టుతో ఆడాల్సి ఉన్నా దానికే వేస్తారు. బ్రిస్బేన్‌కు, కార్ల్‌టన్‌కు పెద్దగా తడబడకుండా టిక్కు పెడతారు.

మిగిలినవి మూడు. వారమంతా ఈ మూడింటిలోనే ఉంది.

ఫోన్లో ప్రతి ఆట పక్కనా బుకీల రేట్లు మెరుస్తుంటాయి. తక్కువ రేటున్న జట్టుకల్లా వేసుకుంటూ పోతే ఏడాది చివర్లో పట్టిక పై సగంలో తేలుతారు, అది నిజమే. కానీ అలా వేసేవాళ్ళు టిప్పింగ్ ఆడుతున్నారంటే నేను ఒప్పుకోను. ఎందుకు వేశావని అడిగితే చెప్పడానికి ఒక కారణం ఉండాలి. ఆ కారణం తప్పైనా ఫరవాలేదు, అది నీదై ఉండాలి.

శుక్రవారం ఆట రిచ్‌మండ్, ఫ్రీమాంటిల్. రిచ్‌మండ్ 2017, 2019, 2020లో ఛాంపియన్. ఫ్రీమాంటిల్ ఇంతవరకు ఒక్కసారి కూడా కాలేదు గాని ఈ ఏడాది పట్టికలో రిచ్‌మండ్ కంటే పైనుంది. అది పెర్త్ పక్క రేవు పట్టణపు జట్టు, మెల్‌బోర్న్ రావాలంటే విమానంలో దాదాపు నాలుగు గంటలు. రిచ్‌మండ్ సంగతి చూస్తే, రెండు వారాల కిందట గోల్డ్ కోస్ట్ చేతిలో సైరన్ మోగాక తన్నిన బంతికి రెండు పాయింట్లతో ఓడింది. కిందటి వారం నార్త్ చేతిలో నాలుగు పాయింట్లతో ఓడింది. నార్త్‌కున్న రెండు విజయాల్లో అదొకటి. అలాంటి జట్టుకు ఈసారి కసి ఉంటుందా, నీరసం ఉంటుందా?

"మీరు ఎంత నమ్మకంగా చెబుతున్నారండి?" పక్క కుర్చీలోంచి అడుగుతాడు భీమవరం కుర్రాడు. డేటా టీమ్‌లో కొత్తగా చేరాడు. ఇక్కడి పోటీతో పాటు మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళ పోటీలో కూడా ఆడతాడు. మోనాష్‌లో 1995 నుంచి నడుస్తున్న ఆ పోటీలో జట్టు పేరు రాస్తే సరిపోదు, ఆ జట్టు గెలిచే అవకాశం ఎంతో కూడా అంకె వేయాలి. ఎనభై శాతమని రాసి గెలిస్తే 0.68 మార్కు వస్తుంది. ఓడితే 1.32 పోతుంది. సగానికి సగమని రాస్తే వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. నూటికి నూరూ గెలుస్తుందని రాసి ఓడితే పోయే మార్కులకు అంతే ఉండదు.

నన్నడిగితే ఈ పద్ధతే సరైనది. ఎవరు గెలుస్తారో చెప్పడానికి నోరుంటే చాలు. నాకు తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అని తూచి అంకె వేయాలంటే ఆట గురించీ, మన గురించీ కూడా కాస్త తెలిసి ఉండాలి.

"ఫ్రీమాంటిల్‌కి యాభై అయిదు" అంటాడు కుర్రాడు. "అంతకు మించి నాకు తెలీదండి."

మీరు ఫ్రీమాంటిల్‌కు టిక్కు పెట్టి, తేడా గడిలో 9 వేస్తారు.

శుక్రవారం రాత్రి మార్వెల్ స్టేడియానికి ఆఫీసు నుంచి నడిచే వెళ్ళొచ్చు. సదరన్ క్రాస్ స్టేషన్ పక్క నుంచి జనంలో కలిసి నడుస్తుంటే పసుపూ నలుపూ మఫ్లర్లు, అక్కడక్కడా ఊదారంగువి. లోపల వేడి చిప్స్, మీట్ పై వాసన. ఈ స్టేడియానికి మూసే పైకప్పు ఉంది. వాన పడితే బంతి సబ్బులా జారుతుంది, స్కోర్లు పడిపోతాయి, తేడాలు తగ్గుతాయి. ఇక్కడ ఆ బెంగ లేదనుకుని వచ్చారు మీరు. కానీ ఆట మొదలైన కాసేపటికే తెలిసిపోతుంది, ఇవాళ గోల్స్ పడేలా లేవు.

ప్రతి కొసనా నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే ఒక్క పాయింటు, దాన్ని బిహైండ్ అంటారు. తన్నిన బంతి పదిహేను మీటర్లకు తగ్గకుండా వచ్చి, దాన్ని గాల్లో ఉండగానే పట్టుకుంటే అది మార్క్. మార్క్ పట్టినవాడు నిలబడి, ఊపిరి తీసుకుని, ఎవరూ మీద పడకుండా తన్నుకోవచ్చు. ఆ లోపు సైరన్ మోగినా సరే, ఆ తన్ను లెక్కలోకి వస్తుంది.

నాలుగో క్వార్టర్ చివరికి స్కోరు 52, 52. రిచ్‌మండ్ వాళ్ళు బంతిని ముందుకు తెస్తున్నారు. మీ చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు, మీరూ లేచారు. బంతి గాల్లో తేలి వస్తోంది. నోవా కంబర్లాండ్, ఈ ఏడాదే జట్టులోకి వచ్చిన కుర్రాడు, దాన్ని పట్టుకున్నాడు. మార్క్! ఇక ఆగిపోతే చాలు. నిదానంగా వెనక్కి నడిచి, గురి చూసి తన్నొచ్చు. గోల్ కూడా అక్కర్లేదు, పక్క సందులోంచి పోయినా ఒక్క పాయింటుతో గెలుపే.

అతను ఆగలేదు. బంతితో పక్కకు పరిగెత్తాడు. కదిలాడంటే ఆట మళ్ళీ మొదలైనట్టే, నిలబడి తన్నే హక్కు పోయినట్టే. సైరన్ మోగింది.

టీవీ ముందున్నవాళ్ళకు ఎన్ని సెకన్లు మిగిలాయో తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. మైదానంలో ఉన్నవాళ్ళకు కనిపించదు. కాలం ఎంత మిగిలిందో గుండెతోనే అంచనా కట్టుకోవాలి. ఆ కుర్రాణ్ణి తిట్టడానికి మీ పక్కన ఒకాయన నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. ఆట అయిపోగానే గెలిచిన క్లబ్బు పాట స్టేడియమంతా మోగడం ఇక్కడి ఆనవాయితీ. ఇవాళ ఏ పాటా లేదు. రెండు జట్ల ఆటగాళ్ళూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. జనం కూడా వెంటనే కదల్లేదు.

తర్వాత అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. మీ వెనక వరసలోంచి ఒకమ్మాయి అడిగింది: "మరి టిప్స్ సంగతేంటి?"

మామూలు పోటీల్లో డ్రా అయితే ఎవరికి వేసినా పాయింటే. రిచ్‌మండ్‌కు వేసినవాళ్ళకూ వచ్చింది, ఫ్రీమాంటిల్‌కు వేసినవాళ్ళకూ వచ్చింది. తేడా గడిలో మాత్రం అసలు జవాబు సున్నా. అంటే మీరు వేసిన అంకె ఎంతో, మీరు తప్పింది అంతే. 24 వేసినవాళ్ళు 24 తప్పారు, మీరు 9 తప్పారు. అకౌంట్స్ ఆవిడ ప్రతి వారం 1 వేస్తుంది. 1966 నాటి ఆ ఒక్క పాయింటు మీద గౌరవం కొద్దీ వేసే అంకె అది. ఈ రాత్రి ఆఫీసు మొత్తంలో ఆవిడే అందరికంటే దగ్గర.

స్టేషన్ మెట్ల దగ్గర భీమవరం కుర్రాడు ఫోన్లో లెక్క చూపిస్తాడు. మోనాష్ పద్ధతిలో డ్రాకు వేరే లెక్క ఉంది. యాభై అయిదు శాతం రాసినవాడికి పోయింది దాదాపు సున్నా. ఎనభై రాసినవాడికి 0.32 పోయింది, రిచ్‌మండ్‌కు రాసినా సరే, ఫ్రీమాంటిల్‌కు రాసినా సరే. తెలియనిచోట తెలియదని రాసినవాడికి నష్టం లేకుండా చేసిన ఈ లెక్క నాకు చాలా ఇష్టం.

శనివారం రాత్రి పాయింట్ కుక్‌లో ఒక పుట్టినరోజు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మనవాళ్ళు బాగానే ఉన్నారు. బిర్యానీ ట్రేల పక్కన, వంటింటి గట్టు మీద ఒక ఫోను నిలబెట్టి ఉంది. తెర మీద మెల్‌బోర్న్, వెస్టర్న్ బుల్‌డాగ్స్. మీరు మెల్‌బోర్న్‌కు వేశారు. ఎందుకు వేయరు? నిరుడు ఛాంపియన్లు వాళ్ళే. ఫైనల్లో ఇదే బుల్‌డాగ్స్‌ను 74 పాయింట్లతో ఓడించారు, ఈ మార్చిలో మొదటి రౌండులో మళ్ళీ ఓడించారు.

"నేను బుల్‌డాగ్స్‌కి వేశాను వదినా" అంటోంది ఫోను ముందు నిలబడ్డ నర్సమ్మాయి, పెరుగు పచ్చడి కలుపుతూనే. "మా వార్డులో ఒక్కళ్ళు కూడా వెయ్యలేదు. రెండుసార్లు మెల్‌బోర్న్ చేతిలో తిన్నారు, ఇప్పుడు ఫైనల్స్ ఆడే పై ఎనిమిదిలోకి రావాలంటే వీళ్ళకి ఈ ఆట కావాలి. మెల్‌బోర్న్‌కి అంత అవసరం ఎక్కడుంది చెప్పు?"

"ఓడితే?"

"ఓడితే ఒక్కటేగా పోయేది. గెలిస్తే వార్డంతా నా వెనకే."

టిప్పింగ్‌లో పట్టిక ఎక్కే దారి ఇదే. అందరూ వేసినదానికే వేస్తే అందరితో పాటే ఉంటారు. ముందుకు పోవాలంటే ఎక్కడో ఒకచోట ఒంటరిగా నిలబడాలి, నిలబడ్డానికి గట్టి కారణం చూసుకోవాలి. జమారా ఉగల్-హేగన్ గోల్ తన్నాడు. అతనికి ఇరవయ్యేళ్ళు, క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2020లో అందరికంటే ముందు ఎంపికైనవాడు. అప్పటి నుంచీ వీడు ఎప్పుడు ఆడతాడా అని ఎదురుచూస్తున్నవాళ్ళకు ఈ రాత్రి జవాబు దొరుకుతోంది. మొత్తం అయిదు గోల్స్. బుల్‌డాగ్స్ పది పాయింట్లతో గెలిచారు. నర్సమ్మాయి గరిటె పక్కన పెట్టేసి వార్డు గ్రూపులో మెసేజీ పెడుతోంది, చేతికి పెరుగు అంటుకుని ఉండగానే.

ఆదివారం ఎంసీజీ. మన క్రికెట్ వాళ్ళకు పరిచయం అక్కర్లేని మైదానం. ఇంకో మూడు నెలల్లో పాకిస్తాన్ మీద కోహ్లీ 82 కొట్టబోయేది ఇక్కడే. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు వదులవకుండా ఒక ఆట ఉండాలని 1858లో టామ్ విల్స్ రాసిన ఉత్తరంతోనే ఈ ఫుట్‌బాల్ కథ మొదలైంది. అందుకే ఇప్పటికీ ఎక్కువగా క్రికెట్ మైదానాల్లోనే ఆడతారు, అందుకే ఏ రెండు మైదానాలూ ఒకే కొలతలో ఉండవు. జీలాంగ్ సొంత మైదానం సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎంసీజీ వెడల్పుగా ఉంటుంది. టిప్ వేసేటప్పుడు జట్టుతో పాటు నేలను కూడా చూడాలనేది ఇందుకే.

ఇవాళ కాలింగ్‌వుడ్, ఎసెండన్. రెండూ మెల్‌బోర్న్ క్లబ్బులే కాబట్టి సొంత గడ్డ అన్న మాటకు పెద్ద విలువ లేదు. 1995లో యుద్ధవీరుల స్మారక దినమైన ఆన్జాక్ డే నాడు ఈ రెండింటి మధ్య మొదలైన ఏటేటి ఆట, మొదటిసారే 111, 111తో డ్రా అయింది. నిరుడు 18 జట్లలో 17వ స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్, కొత్త కోచ్ క్రెయిగ్ మెక్‌రే వచ్చాక వరసగా ఎనిమిది గెలిచి ఉంది. వాటిలో ఈమధ్యవి చాలావరకు ఒకటి రెండు గోల్స్ లోపు తేడాతోనే. ఎసెండన్ కూడా తక్కువేం కాదు, రెండు వారాల కిందట బ్రిస్బేన్‌ను దాని సొంత మైదానం గాబాలోనే ఓడించింది. ఒక సంగతి చెప్పాలి. ఈ ఏడాది వెస్ట్ కోస్ట్ గెలిచిన రెండు ఆటలున్నాయే, ఒకటి కాలింగ్‌వుడ్ మీద, రెండోది ఎసెండన్ మీద.

"కొద్ది తేడాతో గెలవడం అదృష్టమండి, అది ఎప్పుడో అయిపోతుంది" అన్నాడు భీమవరం కుర్రాడు. అయినా కాలింగ్‌వుడ్‌కే అరవై రాశాడు. నేను అతని మాటను పూర్తిగా ఒప్పుకోను. చివరి రెండు నిమిషాల్లో ఏం చేయాలో ముందే సాధన చేసుకున్న జట్టుకు, చేసుకోని జట్టుకు తేడా ఉంటుంది. మీరు కాలింగ్‌వుడ్‌కు వేశారు.

ఇప్పుడు చివరి నిమిషం. ఎసెండన్ రెండు పాయింట్ల ముందుంది. మీ చుట్టూ నలుపూ తెలుపూ మఫ్లర్లు, ఎవరూ మాట్లాడటం లేదు. ఎదుటి వైపు ఎర్ర పట్టీల వాళ్ళు కేకలేస్తున్నారు, సైరన్ కోసం. బంతి మైదానం అంచు వెంబడి వచ్చింది. జేమీ ఇలియట్ పట్టుకున్నాడు. మార్క్. అతను ఆగాడు. సైరన్ మోగింది.

శుక్రవారం నాడు ఒక్క పాయింటు చాలేది. ఇవాళ చాలదు. పక్క సందులోంచి పోతే కాలింగ్‌వుడ్ ఒక్క పాయింటుతో ఓడుతుంది. గోలే కావాలి, అదీ గీత పక్క నుంచి, స్తంభాల మధ్య సందు బాగా సన్నగా కనిపించే చోటు నుంచి. ఇలియట్ సాక్సు పైకి లాక్కున్నట్టు, బంతిని చేతుల్లో తిప్పుకున్నట్టు మీకు అనిపిస్తుంది. ఇంత దూరం నుంచి నిజంగా కనిపించిందో లేదో చెప్పలేరు. పరుగందుకున్నాడు. తన్నాడు. బంతి మొదట బయటికి పోతున్నట్టుంది. ఆ తర్వాత లోపలికి తిరిగింది.

గోల్ అంపైర్ రెండు చేతులూ ముందుకు చాచకముందే స్టేడియం సగం పేలిపోయింది. ముక్కూ మొహం తెలియని ముసలాయన మీ భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. నాలుగు పాయింట్ల తేడాతో కాలింగ్‌వుడ్. వరసగా తొమ్మిదోది. ఇలాగే గెలుచుకుంటూ పోయిన జట్టు సెప్టెంబరులో సిడ్నీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడి ఫైనల్‌కు దూరమవుతుంది, మరుసటి ఏడాది ఫైనల్లో బ్రిస్బేన్ మీద నాలుగంటే నాలుగు పాయింట్లతో ఛాంపియన్ అవుతుంది. అవన్నీ ఇంకా జరగలేదు. ఇప్పటికి మీ ఫోన్లో కాలింగ్‌వుడ్ పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. హాథార్న్ నింపాదిగా గెలిచినందుకు వచ్చిన పాయింటూ ఇదీ ఒకటే విలువ.

సోమవారం పొద్దున ప్యాంట్రీ గోడ మీద కొత్త పట్టిక అంటించి ఉంది. మీకు తొమ్మిదికి ఎనిమిది. బుల్‌డాగ్స్ ఒక్కటే పోయింది. తొమ్మిదికి తొమ్మిది ఎవరికీ రాలేదు. ఎనిమిది వచ్చినవాళ్ళలో అకౌంట్స్ ఆవిడ మొదట ఉంది, తేడా గడిలోని ఆ 1 పుణ్యమా అని. సెయింట్ కిల్డా గెలిచింది కూడా.

"వచ్చే ఆదివారం రిచ్‌మండ్, బ్రిస్బేన్, ఎంసీజీలో" అంటుంది ఆవిడ, కప్పులో పాలు పోసుకుంటూ.

మూడు వారాలుగా గెలుపు రిచ్‌మండ్ చేతిదాకా వచ్చి జారిపోతోంది. బ్రిస్బేన్ పట్టికలో పైనుంది.

"బ్రిస్బేన్ ఎంసీజీలో 2014 తర్వాత గెలవలేదండి" అంటాడు భీమవరం కుర్రాడు, అప్పుడే లోపలికొస్తూ. "నేను రిచ్‌మండ్‌కి యాభై రెండు రాస్తాను. గురువారం జాబితా వచ్చాక మళ్ళీ చూద్దాం."